కొత్త కెమెరా, నెల్లూరు చుట్టుపక్కల పక్షులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పొలంగట్టు (కోవూరు)

సభ్యులందరికీ నమస్కారం. మీరు ఇక్కడ పెట్టే పక్షుల చిత్రాలు చూసి చూసి, ఈమధ్యనే నేను కూడా ఒక క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరా, దానికి సెకండ్ హ్యాండ్‌లో 150-600 మి.మీ. జూమ్ లెన్స్ ఒకటి కొనుక్కున్నాను. ఉద్యోగం వల్ల నాకు ఆదివారం ఉదయాలు మాత్రమే దొరుకుతాయి. ఇప్పటివరకు మా ఊరి కయ్యల్లోనూ పెన్న గట్టు మీదా తీసిన చిత్రాల్లో కొన్ని ఇబ్బందులు పదేపదే ఎదురవుతున్నాయి. తెల్లకొంగను తీస్తే ఈకల గీత ఒక్కటి కూడా కనబడకుండా ఒళ్ళంతా తెల్లటి మచ్చగా వస్తోంది. ఎగిరే పక్షి స్పష్టంగా రావడం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నేను కెమెరా ఎత్తేలోపే పక్షి లేచిపోతోంది. ప్రతి ఆదివారం నేలపట్టు పక్షుల కేంద్రానికో పులికాట్ సరస్సుకో వెళ్ళడం మంచిదా, లేక ఊరి దగ్గరే ఉండి నేర్చుకోవడం మంచిదా?

ఇంకొక సంగతి కూడా అడగాలి. మా ఇంటి వెనక ఖాళీ ప్లాట్లలో, గులకరాళ్ళ మధ్య వట్టి నేల మీదే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు ఉండడంతో దగ్గరకు వెళ్ళినా ఏది రాయో ఏది గుడ్డో వెంటనే తెలియదు. అక్కడ ట్రైపాడ్ పెట్టి, దూరం నుంచి రిమోట్‌తో తీయవచ్చా? పెద్దలు చెప్పగలరు.

పెన్నాతీరం (నెల్లూరు)

పొలంగట్టు గారూ, వేదికకు స్వాగతం. గూడు విషయం నాకన్నా బాగా తెలిసినవారు చెబుతారు. నేను వెలుగు గురించి చెబుతాను.

ఎదురుగా ఉన్న దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని అనుకొని కెమెరా మీటరు వెలుగును లెక్కగడుతుంది. పచ్చటి వరి కయ్యలోనో, దమ్ము చేసిన నల్లటి బురదలోనో తెల్లకొంగ నిలబడినప్పుడు ఫ్రేములో ఎక్కువ భాగం ముదురు రంగే కాబట్టి, మీటరు ఆ ముదురును తేట చేయడానికి వెలుగు పెంచుతుంది; ఆ పెంపులోనే కొంగ ఈకలు మాయమవుతాయి. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను మనం సవరించే అమరికను) మైనస్ 1 వరకు తగ్గించండి. అదే కొంగ లేచి తెల్లటి ఆకాశం మీదుగా వెళ్తుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ప్లస్ 1 వరకు పెంచకపోతే పక్షి నల్లగా వస్తుంది. ఈ తేడా బాగా అర్థం కావాలంటే గుడ్డికొంగను గమనించండి. గట్టు మీద కూర్చున్నంతసేపూ అది బురద రంగులో ఉండి, లేచిన మరుక్షణం రెండు రెక్కలూ తెల్లగా విప్పుతుంది. కూర్చున్న పక్షికి సరిపోయిన అమరిక ఎగిరిన పక్షికి సరిపోదు.

ఎండ పూర్తిగా వచ్చిన తర్వాత నేను మీటరును నమ్మను. నిండు ఎండలో ఎఫ్/16 (లెన్స్ రంధ్రం అమరిక) దగ్గర షట్టర్ వేగం ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) అంకెతో సమానంగా ఉండాలన్నది పాతకాలం నుంచి ఫొటోగ్రాఫర్లు వాడుతున్న సూత్రం. అంటే ఐఎస్ఓ 400 అయితే ఎఫ్/16 దగ్గర 1/400; ఎఫ్/8 దగ్గర నాలుగింతల వెలుగు వస్తుంది కాబట్టి 1/1600 వస్తుంది. తెల్లపక్షికి ఇంకొక స్టాప్ తగ్గించి, అంటే వెలుగును సగం చేసి, 1/3200 పెట్టుకుంటే వెనక బురద ఉన్నా, నీళ్ళున్నా, ఆకాశం ఉన్నా కొంగ ఒకేలా వస్తుంది, ఎందుకంటే కొంగ మీద పడే ఎండ మారలేదు. రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని మూల ఫైలుగా) తీయండి, హిస్టోగ్రాం (వెలుగు ఎంత ఉందో చూపే పటం) కుడి అంచుకు తగలకుండా చూసుకోండి.

ఎగిరే పక్షులకు 1/2000కు తగ్గకుండా చూసుకోవాలి. లకుముకి, పసిరిక వంటి చిన్న పిట్టలకైతే 1/3200 కావాలి. లెన్సులో ఉన్న స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుందే కానీ పక్షి రెక్కను ఆపదు. మొదట్లో 600 దగ్గర పెట్టుకొని ఎగిరే పక్షిని వెతకకండి, ఫ్రేములోకి రాదు. 300 దగ్గర పట్టుకొని, ఫోకస్ కుదిరాక జూమ్ చేయండి.

తోటమాలి (ఉలవపాడు)

కెమెరా ఎత్తేలోపే పక్షి లేచిపోవడానికి లెన్స్ పరిష్కారం కాదు. నడిచి వచ్చే మనిషిని చూసి పక్షి ఎంత దూరంలో లేస్తుందో, అదే పక్షి ట్రాక్టరును, కోత మిషన్ను, మేసే గేదెను ఎంత దగ్గరకు రానిస్తుందో పొలంలో ఒక పూట నిలబడి చూస్తే తెలుస్తుంది. మార్చి నెలాఖరు కాబట్టి మీ వైపు వరికోతలు నడుస్తూ ఉంటాయి. మిషన్ కదిలే కొద్దీ లేచే మిడతల కోసం పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగలు చక్రాల పక్కనే నడుస్తాయి. ఇప్పుడు వాటి తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరుగుతున్నాయి, అది గూడుకట్టే కాలపు రంగు. ఏట్రింతలు (తోక చీలిన నల్లపిట్టలు) కరెంటు తీగల మీద నుంచి దూకి గాలిలోనే పురుగును పట్టి మళ్ళీ అదే చోటికి వస్తాయి. అలా ఒకే చోటికి తిరిగివచ్చే అలవాటున్న పక్షులతో మొదలుపెడితే ఫోకస్ అభ్యాసం త్వరగా అవుతుంది. తర్వాత ఎడగారుకు (వేసవిలో వేసే రెండో వరి పంటకు) నీళ్ళు వదిలితే దమ్ము మొదలవుతుంది. ట్రాక్టరు వెనక నత్తగుల్ల కొంగలు కూడా దిగుతాయి.

రైతును ముందు పలకరించండి. అనుమతి తీసుకొని గట్టు చివర వేపచెట్టు కిందనో, పంపు షెడ్డు గోడ పక్కనో ఒకే చోట కూర్చోండి. వెంటబడితే దూరమయ్యే పక్షి, కూర్చుంటే తానే దగ్గరకు వస్తుంది. కారు ఉంటే ఇంకా మేలు: ఇంజను ఆపి, కిటికీ అంచున బియ్యమో ఇసుకో నింపిన గుడ్డసంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. తలుపు తీసి దిగారంటే మాత్రం ఆ చోటు ఆ ఉదయానికి అయిపోయినట్టే. నేల మీద పడుకొని తీసేవారు కోతల కాలంలో ముందుగా కర్రతో గట్టు తట్టి చూసుకోవాలి, ఎలుకల కోసం పాములు అక్కడే ఉంటాయి.

సూళ్ళూరు_దారి (నాయుడుపేట)

నేలపట్టు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. దొరవారిసత్రం మండలంలోని ఆ చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. 2022లో జిల్లాలు విభజించాక అది తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, మా నెల్లూరు వాళ్ళకు పక్షులంటే ముందు గుర్తుకొచ్చేది నేలపట్టే. నీళ్ళలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, శబరి కొంగలు గూళ్ళు పెడతాయి. మన ప్రాంతానికి వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది. చెరువు నిండితేనే గూళ్ళు పడతాయి కాబట్టి వెళ్ళవలసిన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మార్చి చివర వెళ్తే ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలను చూడవచ్చు కానీ నీరు తగ్గుముఖం పడుతుంది.

అక్కడ చూడవలసినది ఒకటి చెబుతాను. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినప్పుడు కూడా మధ్యలో సందు మిగులుతుంది, ఆ సందులోంచి వెనకాల ఆకాశం కనబడుతుంది. ఆ సందు పిల్లలకు ఉండదు. వయసుతో పాటు ఏర్పడుతుంది. తల్లీ పిల్లా ఒకే గూటి మీద ఉన్న చిత్రం దొరికితే రెండు ముక్కులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి.

పులికాట్‌లో ఫ్లెమింగోల కోసం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు చాలు, పడవ అక్కరలేదు. ఆ రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద మనవైపు నుంచి వెలుగు పడుతుంది. దక్షిణం వైపు చూస్తే పక్షి నీడగా వస్తుంది. ఉదయం ఎండ ముదిరాక నీటి మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దూరపు పక్షి స్పష్టంగా రాదు. ఫ్లెమింగోల వైపు బురదలోకి దిగి నడవకండి. అవి గాలిలోకి లేవాలంటే నీటి మీద కొంతదూరం పరుగెత్తాలి, గుంపును ఒకసారి లేపితే తిన్న తిండిలో కొంత వృథా అయినట్టే. అంతరిక్ష కేంద్రం ఉన్న ప్రాంతం కనుక డ్రోను ఆలోచనే వద్దు.

రక్షిత కేంద్రాల్లో ఫొటోగ్రఫీకి అనుమతి తీసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. టికెట్టు దగ్గరే కెమెరా సంగతి చెప్పి, సిబ్బంది చూపించిన బాటలోనే నడవండి.

కావలి_మాస్టారు

తీతువు గూడు విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ చర్చలో ఆలస్యం చేయకూడని ప్రశ్న అదొక్కటే.

పొలంగట్టు గారూ, దయచేసి అక్కడ ట్రైపాడ్ పెట్టవద్దు. గుడ్డు మీద పక్షి కూర్చోవడం వెచ్చదనం కోసమని మనం అనుకుంటాం. మన ఎండల్లో తీతువు చేసే పనిలో సగం గుడ్లను చల్లగా ఉంచడమే. మధ్యాహ్నం అది కూర్చోకుండా గుడ్ల మీద నీడగా నిలబడుతుంది. దగ్గరలో నీరుంటే వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. మీరు ట్రైపాడ్ అమర్చి వెనక్కి వెళ్ళినంత మాత్రాన అది తిరిగి రాదు. ఆ కొత్త వస్తువును అనుమానంగా చూస్తూ, అరుస్తూ చుట్టూ తిరుగుతుంది. ఆ సమయమంతా గుడ్లు ఎండలో ఉంటాయి. లోపలి పిల్ల చనిపోవడానికి ఎక్కువసేపు పట్టదు, పైకి మాత్రం గుడ్డు అలాగే కనబడుతుంది కాబట్టి ఫొటో తీసినవారికి జరిగిన నష్టం ఎప్పటికీ తెలియదు.

రెండో ప్రమాదం కాకులు, కుక్కలు. మనిషి ఒకే చోటికి పదేపదే వెళ్ళి వంగి చూస్తుంటే కాకి అది గమనిస్తుంది, కుక్క వాసన పట్టుకుంటుంది. చట్టం మాటకు వస్తే, అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడం, చెదరగొట్టడం కూడా 1972 చట్టంలో వేట అన్న నిర్వచనంలోకే వస్తుంది. అది రక్షిత కేంద్రంలో అయినా, మీ ఇంటి వెనక ప్లాటులో అయినా ఒకటే.

మీరు చేయగలిగిన మంచిపని ఒకటుంది. తీతువు రాత్రి అరిస్తే అపశకునమని రాళ్ళు విసిరేవారు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ ప్లాట్లలో ఆడుకునే పిల్లలకూ, ట్రాక్టరుతో మట్టి తోలేవారికీ విషయం చెప్పి, పొదిగే దాదాపు నెల రోజులూ అటు వెళ్ళకుండా చూడండి. పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే తల్లి వెంట నడుస్తాయి. అప్పుడు మీ మేడ మీద నుంచి 600 లెన్స్‌తో, అవి గడ్డిలో పురుగులు ఏరుకుంటున్నప్పుడు నిదానంగా తీసుకోండి.

గుండ్లకమ్మ (ఒంగోలు)

మాస్టారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెప్పదలచుకున్నాను. తీతువు గుడ్ల గురించి ఆయన చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే గూళ్ళ జోలికే పోకూడదన్న నియమాన్ని అన్ని పక్షులకూ వర్తింపజేస్తే, పక్షి జీవితంలో సగభాగం ఎవరికీ కనబడకుండా పోతుంది. నేలపట్టుకు జనం వెళ్ళేదే గూళ్ళు చూడడానికి. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను తీసుకునే దృశ్యం చూసిన పిల్లవాడు పెద్దయ్యాక ఆ చెరువును పూడ్చడానికి ఒప్పుకోడని నా నమ్మకం. చిత్రం లేకుండా ఆ ప్రేమ ఎలా కలుగుతుంది? మా మల్లవరం దగ్గర రిజర్వాయరు చుట్టూ తిరిగే కుర్రాళ్ళకు నేను గూడు వద్దు అని చెప్పను. ఎలా చూడాలో చెబుతాను.

కావలి_మాస్టారు

గుండ్లకమ్మ గారి మాటలో న్యాయం ఉంది. నేను గీత గీస్తున్నది గూడు దగ్గర కాదు, పక్షి ప్రవర్తన మారే చోట. నేలపట్టులో గూళ్ళు నీటి మధ్యన, ఎత్తున ఉంటాయి. జనం నిలబడే చోటు, నడిచే బాట ఏళ్ళ తరబడి మారలేదు. తల్లులు మనవైపు చూడకుండా తమ పని తాము చేసుకుంటాయి. ఒంటరిగా నేల మీద గుడ్లు పెట్టిన పక్షి దగ్గరకు ఇవాళ కొత్తగా వెళ్ళే మనిషి విషయం వేరు. అరవడం, తోక ఆడించడం, నోట్లో పురుగు పట్టుకొని కూడా గూటికి వెళ్ళకుండా పక్క కొమ్మ మీద కాచుకోవడం కనబడితే మనం అవసరానికి మించి దగ్గరకు వచ్చామని అర్థం; వెంటనే వెనక్కి రావాలి. చిత్రం బాగా రావాలని ఆకులు తుంచి, కొమ్మ వంచి గూటిని బయటపెట్టేవారి చిత్రాలను మనం ఈ వేదికలో మెచ్చుకోకూడదని కూడా నా మనవి. ఆ కొమ్మ పిల్లకు నీడ.

గూడుకట్టే పక్షినే తీయాలని ఉంటే వానలు పడ్డాక గిజిగాడిని ఎంచుకోండి. బావి మీదికి వంగిన ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో గూళ్ళు గుంపుగా వేలాడతాయి. పసుపురంగు తల ఉన్న మగపిట్ట గడ్డిపోచను చీల్చి తెచ్చి, కాళ్ళతో పట్టుకొని ముక్కుతో ముడి వేస్తుంది. గూడు సగం అయ్యాక, అంటే కింద దారి ఇంకా అల్లకముందే ఆపి, రెక్కలు ఆడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం పూర్తవుతుంది, లేకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది. దూరంగా కూర్చుని ఈ పనంతా తీయవచ్చు, గుడ్ల ప్రమేయమే ఉండదు.

రొయ్యలరైతు (అల్లూరు)

నేను ఫొటోలు తీసేవాణ్ణి కాదు. మా అబ్బాయి కోసం ఈ చర్చ చదువుతున్నాను. మా గుంటల దగ్గరకు కెమెరాలతో చాలామంది వస్తుంటారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి. నీటికాకులు గుంపుగా దిగితే మాకు నష్టం కళ్ళముందే కనబడుతుంది. ఒక గుంటలో రోగం ఉంటే పక్షుల ద్వారా పక్క గుంటకు వస్తుందన్న భయం కూడా ఉంటుంది. అందుకే పైన దారాలు, వలలు కట్టుకుంటాం. సన్నటి నైలాన్ దారం ఎగిరే పక్షికి కనబడక రెక్క చిక్కుకొని వేలాడిన కొంగలను నేను విడిపించాను. అది చూడడం ఎవరికీ ఇష్టం ఉండదు. మెరిసే రిబ్బను కలిపి కట్టినచోట చిక్కుకోవడం తగ్గిందని నా అనుభవం.

వచ్చేవారు ముందు కాపలా మనిషిని అడగండి. మా గట్ల మీద వేరే గుంట బురద అంటిన చెప్పులతో నడవకండి. చిక్కుకున్న పక్షి కనబడితే ఫొటో తీసి ఎక్కడో పెట్టడం కన్నా ముందు మమ్మల్ని పిలవండి, విడిపిస్తాం. పంట తీసి నీరు వదిలేసిన గుంటలో మిగిలిన చిన్న చేపల కోసం కొంగలు, తెడ్డుమూతి కొంగలు, సముద్రపు కాకులు వచ్చి పడతాయి. ఆ రోజు మాకు ఏ అభ్యంతరమూ ఉండదు, నింపాదిగా తీసుకోవచ్చు.

పెన్నాతీరం (నెల్లూరు)

రొయ్యలరైతు గారికి కృతజ్ఞతలు. ఇలాంటి మాట మన వేదికలో ఇంతకుముందే రావలసింది.

నేనొక విషయం కలుపుతాను. 1840లలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డాన్ ఈ ప్రాంతపు జంతువుల, పక్షుల సంగతులు చాలావరకు యానాదుల దగ్గర తెలుసుకున్నాడు. ఆంగ్లంలో కలివికోడి అనే అరుదైన పక్షికి ఆయన పేరే ఉంది (జెర్డాన్స్ కోర్సర్). అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనబడింది. అప్పుడూ స్థానికుల కళ్ళు, చెవులే దారి చూపాయి. చెరువుల్లో చేపలు పట్టే యానాది పెద్దలు ఏ పక్షి ఏ వేళకు ఏ తూము దగ్గర దిగుతుందో చెప్పగలరు. మనం చిత్రాలతో తిరిగివెళ్ళి వారికి చూపించాలి, అచ్చు వేయించి ఒకటి ఇవ్వాలి. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవడం కన్నా ఈ దారి ఎంతో మంచిది; గూడుకట్టే కాలంలో ఆ కూతను విన్న మగపక్షి, తన చోటులోకి ఇంకొకటి వచ్చిందనుకొని తిండి మాని వెతుకుతుంది.

గుడ్లగూబలు పగలు నిద్రపోయే చెట్టు, గద్ద గూడు వంటివాటి చోటును మాత్రం ఊరి పేరుతో సహా ఎక్కడా రాయకండి. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చిత్రంలో ఆ చోటు గుర్తు దానంతటదే చేరుతుంది. పెట్టేముందు తీసేయాలి.

పొలంగట్టు (కోవూరు)

అందరికీ ధన్యవాదాలు. తీతువు ప్లాటు దగ్గర మట్టి తోలే మేస్త్రీతో మాట్లాడాను. ఆయన ఆ మూల వదిలేసి రెండో వైపు నుంచి పని మొదలుపెడతానన్నారు. వేసవిలో కోతలూ దమ్మూ ఉన్నన్నాళ్ళు ఊళ్ళోనే ఉంటాను, నేలపట్టు డిసెంబరుకు పెట్టుకుంటాను. మైపాడు వైపు తీరంలో ఉల్లంకులను (నీటి అంచున బురదలో ఏరుకుతినే పక్షులను) తీయాలని ఉంది కానీ కారు దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టి చాలాసేపు ఏమీ కనబడటం లేదు. ఉప్పుగాలి వల్ల పరికరానికి నష్టం ఉంటుందా?

గుండ్లకమ్మ (ఒంగోలు)

ఆవిరి పట్టడానికి కారణం ఏసీ. చల్లబడిన గాజుకు తీరపు తేమగాలి తగిలితే నీరు కడుతుంది. తీరం చేరడానికి చాలాముందే ఏసీ ఆపి కిటికీలు దించండి, లేదా కెమెరాను సంచిలోనే ఉంచి ఆ సంచిని డిక్కీలో పెట్టండి. ఆవిరి పట్టినప్పుడు గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది, గాజు మీద ఇసుక ఉంటే గీతలూ పడతాయి. వెచ్చబడేదాకా వదిలేయడమే మేలు. ఇంటికి వచ్చాక ముందు బ్లోయరుతో ఇసుక ఊది, తర్వాత మంచినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో లెన్స్ ఒంటినీ, జూమ్ రింగునూ తుడవండి. ఉప్పు పొడిగుడ్డకు పోదు. తుడిచాక తేమను పీల్చే సిలికా జెల్ వేసిన మూతడబ్బాలో పెట్టండి. ఇసుక గాలి వీస్తున్నప్పుడు తీరంలో లెన్స్ మార్చకండి.

ఉల్లంకుల కోసం మైపాడు ఒక్కటే కాక, చినగంజాం ఉప్పు కొఠార్లు కూడా చూడండి. అక్కడ మడుల గట్లు తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి కూర్చుంటే పక్షి కంటి మట్టానికి లెన్స్ వస్తుంది. ఏప్రిల్ రెండో వారం దాటితే వలస ఉల్లంకుల్లో చాలావరకు ఉత్తరానికి బయలుదేరతాయి, వెళ్ళేముందు వాటిలో కొన్నింటికి ఎరుపు, నలుపు రంగులు తిరుగుతాయి. వచ్చే ఆదివారం నేను తెల్లవారేసరికి అక్కడ ఉంటాను. వీలైతే రండి, కొఠారు కూలీలు పనిలోకి దిగకముందే తీసుకొని వచ్చేద్దాం.